బెత్తం పట్టని గురువు

బెత్తం లేకపోతే పిల్లలకు భయం ఉండదని మనలో చాలామంది అనుకుంటాము. ఇటలీలోని ట్యూరిన్ పట్టణంలో దిక్కులేని బాలురను చేరదీసి చదువు, చేతిపని నేర్పిన కేథలిక్ ఫాదర్ జాన్ బోస్కో అలా అనుకోలేదు. 1877లో ఆయన తన పద్ధతిని రాసిపెట్టారు. తప్పు జరిగాక శిక్షించడం కంటె, తప్పు జరగకుండా పిల్లల మధ్యనే ఉండి కాపాడడం మేలన్నారు. కొట్టవద్దన్నారు. దిద్దవలసి వస్తే తోటివారి ఎదుట కాక చాటుగా దిద్దమన్నారు. ఇది పిల్లలకు తేలిక, నేర్పేవారికి కష్టం అని కూడా ఒప్పుకున్నారు.

ఆయన సంఘం వేరు, మనది వేరు. అయినా తప్పు చేసిన సహోదరునితో మొదట ఒంటరిగా మాట్లాడమని మత్తయి 18లో ప్రభువు నేర్పిన క్రమమూ ఇదే. సండేస్కూల్లోనూ ఇంట్లోనూ మన బిడ్డలను నలుగురిలో సిగ్గుపరచకుండా దిద్దుదాము.