పాత కుట్టుమిషను తోలుపనికి తగునా?

చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములలో తాతల నాటి కుట్టుమిషను ఇంకను నడుచుచున్న ఇండ్లు, దర్జీ అంగళ్లు లేకపోలేదు. నల్లని పోత ఇనుప దేహము, బంగారు రంగు పూలు, త్రొక్కుడు పలక. తోలు సంచులు, బెల్టులు, చెప్పుల పైభాగములు కుట్టి బ్రతుకదలచినవారు, తోలుకై చేసిన మిషను కొనలేక, ఇట్టి పాతదానిపై చూపు నిలుపుట సహజము. "ఇంత బరువున్నది, దీనికి తోలొక లెక్కా?" అని అమ్మువాడనును. కూడబెట్టిన సొమ్మంతయు ఆ ఒక్క మాట మీద ఖర్చగును. కాని ఇక్కడ బరువు కొలబద్ద కాదు. అందుకు కారణము ఈ యంత్రము పుట్టిన కథలోనే ఉన్నది.

యంత్రము రాకముందును ఈ సీమలో తోలుపని కలదు. ఇచటి రాతినేలలలో పెరుగు తంగేడు పట్టతో, కరక్కాయతో లందలలో తోళ్లను పదును చేసెడివారు. పంపుసెట్లు లేని దినములలో బావినుండి నీరు తోడు కపిల బానకు తోలు తొండముండెడిది. అట్టి తోలును కుట్టు చర్మకారుడు మొదట ఆరెతో రంధ్రము చేయును. పిమ్మట మైనము పట్టించిన దారపు రెండు కొనలను రెండు వైపులనుండి ఆ రంధ్రముననే దూర్చి బిగించును. ఒక ప్రక్క దారము తెగినను రెండవది పట్టియుండును. రంధ్రము చేయుట ఒక పని, దారము దూర్చుట మరియొక పని. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

విచిత్రమేమనగా, కుట్టుమిషను అనదగిన తొలి ఊహ గుడ్డ కొరకు గాక తోలు కొరకే పుట్టినది. 1790లో లండనుకు చెందిన థామస్ సెయింట్ అను కొయ్య సామాను పనివాడు బూట్లు మొదలగువాని తయారీకి పేటెంటు పొందెను. అందు వర్ణింపబడిన యంత్రమున ముందుగా ఆరె దిగి రంధ్రము చేయును. వెనువెంటనే కొనయందు గాడి గల సూది దారమును ఆ రంధ్రము గుండా నెట్టును. అడుగున అది గొలుసుకుట్టుగా అల్లుకొనును. చర్మకారుని రెండు చేతిపనులను ఆయన ఇనుముతో చేయింపజూచెనన్నమాట. జిగురులు, వార్నిషుల విషయములతో కలిసియుండుటచే ఆ పేటెంటు ఎనుబది ఏండ్లకు పైగా ఎవరి కంటను పడలేదు. తరువాత న్యూటన్ విల్సన్ అను కుట్టుమిషనుల వ్యాపారి దానిని వెలికితీసి, ఆ బొమ్మను బట్టి యంత్రము చేయించెను. అది నడుచుటకు కొన్ని మార్పులు అవసరమైనవి.

ఈ మధ్యకాలమున పరిశోధకుల దృష్టి గుడ్డ మీదికి మరలెను. 1830లో ఫ్రాన్సు దేశమున తిమోనియే, 1846లో అమెరికాలో ఎలియాస్ హో పేటెంట్లు పొందిరి. 1851లో ఐజాక్ సింగర్ నిలువుగా దిగు సూదిని, గుడ్డను అదిమిపట్టు పాదమును ఒక చోట చేర్చెను. ఇంటి మిషనులు నేటికిని ఈ పోలికవే. ఈ మార్పులో ఆరె మాయమైనది. రంధ్రము చేయుట, దారము దించుట రెండును కొనయందు కన్నముగల ఒకే సూది పాలబడెను. బూటు అడుగులు కుట్టువారు వేరు దారి పట్టిరి. 1858లో లైమన్ బ్లేక్ అందుకు ప్రత్యేక యంత్రమునే కల్పించెను.

గుడ్డలో పోగులు ప్రక్కకు జరిగి సూదికి దారి యిచ్చును. సూది పోగానే మరల దగ్గరకు చేరును. తోలు నేత కాదు, దట్టముగా పెనగొన్న పీచు. గుండ్రని మొన దానిని తోసికొని పోజాలక శ్రమపడును. అందుచేతనే కోయుమొన గల తోలుసూదులు వచ్చినవి. మరియు తోలులో పడిన రంధ్రము పూడదు. కుట్లు మరీ దగ్గరగా పడినచో తపాలా బిళ్ల అంచువలె ఆ వరుసనే చినుగును. కుట్టు 3, 4 మిల్లీమీటర్ల పొడవుండుట మేలు. కుట్టు రంధ్రము ఎంత లాగుడుకు చినుగునో కొలుచుట తోలు పరీక్షలలో ఒకటి. మన యలవర్తి నాయుడమ్మగారు 1958 నుండి 1971 వరకు డైరెక్టరుగా నడిపిన చెన్నై కేంద్ర చర్మ పరిశోధన సంస్థ ఇట్టి పరీక్షలకు పేరొందినది.

ఇక అసలు చిక్కు. సూది అడుగుదాకా దిగి సుమారు 2 మిల్లీమీటర్లు పైకి లేచినపుడు, దారము వెంటరాక సూది ప్రక్కన చిన్న ఉచ్చుగా ఉబ్బును. కొక్కెపు మొన ఆ ఉచ్చునందుకొని అడుగు దారము చుట్టును త్రిప్పును. సూదికిని కొక్కెమునకును నడుమ ఎడము వెంట్రుకవాసి. తోలు సూదిని గట్టిగా పట్టుకొని దానితోపాటు పైకి లేచినచో ఉచ్చు ఏర్పడదు, కుట్టు తప్పును. సన్నసూది వంగినను అంతే. ఈ ఎడమును కాపాడునవి పాదము నదుము స్ప్రింగు బలము, వదులు లేని సూదికడ్డీ. దేహపు బరువు కాదు.

తోలును ముందుకు జరుపుట మరొక సమస్య. ఇంటి మిషనులో అడుగునున్న పళ్లు క్రింది పొరను నెట్టును. పైనున్న నున్నని లోహపు పాదము గుడ్డ మీద జారును గాని తోలుకు అంటుకొనును. పై పొర వెనుకబడును. అందుచే తోలు మిషనులలో పాదము కూడ నడుచునట్లు చేసిరి. బూట్లు బాగుచేయువారి సింగర్ 29 తరగతి మిషనులో పాదమే తోలును జరుపును. అది చుట్టును తిరుగును కనుక ఏ దిక్కునకైనను కుట్టవచ్చును. అతుకులకు అది అద్భుతము. దాని అడుగు దారపు కండె మాత్రము చిన్నది, కనుక పొడవైన బెల్టులకు అంత అనువు కాదు.

"మోటారు పెట్టిన సరి" అనువారు కలరు. మోటారు కప్పీ చిన్నదియు, మిషను చక్రము పెద్దదియు అయినచో వేగము తగ్గి త్రిప్పుబలము పెరుగును. సూది తోలులో ఆగిపోదు. అంతవరకు మంచిదే. కాని ఆ బలమంతయు గుడ్డకై చేసిన సన్నని భాగముల మీదనే పడును.

కొనుటకు ముందు పరీక్ష చేతితోనే చేయవలెను. కుట్టదలచిన తోలునే, వేయదలచిన దారమునే తీసికొని పోవలెను. మెత్తని క్రోము తోలు మీద నడిచిన మిషను తంగేడు పట్టతో పదును చేసిన బిరుసు తోలు మీద నిలువకపోవచ్చును. తోలుసూది వేసి, రెండు పొరల అంచులు సమముగా పెట్టి, చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుచు ఒక జానెడు కుట్టవలెను. సూది దిగునపుడు చక్రము మొరాయించెనా, లేచునపుడు తోలు పాదముతో సహా లేచెనా చూడవలెను. పిమ్మట వెనుకకు త్రిప్పి అడుగు కుట్టు చూడవలెను. చివర పై పొర ఎంత వెనుకబడినదో కొలువవలెను. మిల్లీమీటరు మందపు రెండు పొరలలో కుట్టు తప్పక, అంచులు కలిసియున్నచో చేతిసంచులకు, పర్సులకు ఆ మిషను చాలును. చెప్పు అడుగుకు మాత్రము ఆరెయే శరణ్యము.