కెర్నెల్ అడంగల్‌ను తిరగరాశారు

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏ యాప్ తెరిచినా లోపల ‘ఎమ్‌మ్యాప్’ పని చేస్తుంది. ఫైలును ప్రోగ్రాం మెమరీ చిరునామాల్లోకి తెచ్చి కలిపేది అదే. ఏ చిరునామా నుంచి ఏ చిరునామా దాకా ఏ ఫైలుది, చదవొచ్చా, రాయొచ్చా అన్న పద్దును కెర్నెల్ ఊరి అడంగల్‌లా రాసుకుంటుంది. లినక్స్‌లో ఆ పద్దు తెరిచి చూసుకోవచ్చు కూడా: వరసకో చిరునామాల జత, పక్కన ఆర్, డబ్ల్యూ, ఎక్స్ గుర్తులు, చివర ఫైలు పేరు.

1983లో యూనిక్స్ రకమైన 4.2 బీఎస్‌డీ పత్రాల్లో ఎమ్‌మ్యాప్ పేరుంది, అమలు లేదు. 1988లో సన్ఓఎస్ 4.0 దాన్ని పనిలో పెట్టింది. మాక్ (Mach) అనే కెర్నెల్ నుంచి బీఎస్‌డీకి వచ్చిన కోడ్‌లో ఓ లొసుగు ఉండేది: ముందు రాసే అనుమతితో మ్యాప్ చేసి, ఆ తర్వాత అనుమతి తీసేసేవారు. ఆ రెండడుగుల సందులో, చదవడానికే ఇచ్చిన ఫైలులో మరో థ్రెడ్ రాసేయగలదు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో చక్ క్రేనర్ తన మెమరీ వ్యవస్థ యూవీఎంతో 1998లో రెండడుగులనూ ఒక్కటి చేశారు. నెట్‌బీఎస్‌డీ దాన్నే తీసుకుంది.

లినక్స్‌ది వేరే తిప్పలు. 2022 డిసెంబర్‌లో వచ్చిన 6.1 వెర్షన్‌లో పద్దును దాచే నిర్మాణం పాత చెట్టు నుంచి మేపుల్ ట్రీ అనే కొత్త చెట్టుకు మారింది. కానీ మ్యాపింగ్ చేసే ఫంక్షన్ మాత్రం ఏళ్ల తరబడి పెరిగిన చిక్కుముడిగానే మిగిలింది. దాని నడిమధ్యలో డ్రైవర్ కోడ్‌ను పిలవాలి. ఆ డ్రైవర్ విఫలమైతే అప్పటికే సగం రాసిన పద్దును వెనక్కి తిప్పాలి. తిప్పేటప్పుడు ఏది పూర్తయిందో, ఏది కాలేదో తేల్చడమే గండం. 2024లో భద్రతా పరిశోధకుడు జాన్ హార్న్ ఈ దారిలోని లోపాన్ని పట్టుకున్నారు.

కెర్నెల్ డెవలపర్ లొరెంజో స్టోక్స్ దాన్ని అతుకులతో సరిపెట్టలేదు. విఫలమయ్యే తనిఖీలను వీలైనంత ముందుకు జరిపారు. పెద్ద ఫంక్షన్‌ను సన్నాహం, కొత్త పద్దు, ముగింపు అని విడగొట్టారు. 2025లో వచ్చిన 6.16లో డ్రైవర్లకు కొత్త పద్ధతి పెట్టారు: పద్దు తయారుకాక ముందే తమకేం కావాలో చెప్పాలి, తయారవుతున్న పద్దును ముట్టుకోకూడదు. పాత డ్రైవర్లను ఒక్కొక్కటిగా ఇందులోకి మార్చాల్సి ఉంటుంది.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది వేరే పని. ఈ కోడ్‌ను విడి ఫైలులోకి తెచ్చి, కెర్నెల్‌ను బూట్ చేయకుండానే మామూలు ప్రోగ్రాంలా పరీక్షించేలా చేశారు. కెర్నెల్ అంటే భయపడే విద్యార్థికి ఇంతకంటే మంచి ప్రవేశద్వారం ఉండదు. కంచిలి, సోంపేట, టెక్కలి ప్రాంతాల ఇంజనీరింగ్ పిల్లలారా, లినక్స్ సోర్సులో ‘టూల్స్, టెస్టింగ్, వీఎంఏ’ ఫోల్డరు తెరవండి. ఒక పరీక్షను కావాలని చెడగొట్టి నడపండి, ఎక్కడ ఆగిందో చూడండి.