రౌండ్‌అబౌట్
రౌండ్‌అబౌట్ అనగా మధ్యనున్న దిమ్మె చుట్టూ వాహనాలు ఒకే దిశలో తిరిగి వెళ్ళే రహదారి కూడలి. మైలవరం, విజయవాడ ప్రాంతంలో దీనిని సర్కిల్ లేదా రింగు అంటారు. ఉదాహరణకు బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగు.

నియమాలు
భారతదేశం, బ్రిటన్‌లలో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కనుక సవ్యదిశలోను, అమెరికాలో అపసవ్యదిశలోను తిరుగుతాయి. ప్రవేశించేవారు అప్పటికే లోపలున్నవారికి దారి ఇవ్వాలి. ఇవ్వనిచో లోపలి వాహనాలు బయటకు పోలేక కూడలి అంతా స్తంభిస్తుంది. ఈ కారణంగానే బ్రిటన్ 1966లో ఈ నియమాన్ని ప్రవేశపెట్టింది. భారతదేశంలో 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు కూడా ఇదే చెబుతాయి. పారిస్‌లోని ఎత్వాల్ కూడలిలో మాత్రం ప్రవేశించేవారిదే ప్రాధాన్యం.

సంకేతాలు
బ్రిటన్‌లో బయటపడే ముందు ఎడమ ఇండికేటరు వేస్తారు. భారతదేశంలో చాలాచోట్ల హారనే ఆ పని చేస్తుంది. భారతదేశంలో ప్రవేశానికి ముందు కుడివైపు చూసే అలవాటున్న తెలుగువారు అమెరికాలో ఎడమవైపు చూడాలి. పాత అలవాటు అక్కడ ప్రమాదకరం.