హవా, పర్దా, వెనక సీటు

తెలుగు పేపర్లలో హవా అంటే ఎలక్షన్ల మాట. ఫలానా పార్టీ హవా నడుస్తోందని రాస్తారు. మన ఇళ్ళల్లో హవా అంటే ఇప్పటికీ ఉత్త గాలే. తారీఖ్ అనే లఫ్జ్‌కు కూడా ఇట్లాంటి నసీబే పట్టింది. ఉర్దూలో దానికి చరిత్ర అనే అర్థం కూడా ఉంది. తెలుగులోకి వచ్చాక తేదీ ఒక్కటే మిగిలింది. ఈరోజు నేను రాస్తున్నది హవా తారీఖ్, అందులోనూ కారు లోపలి హవా తారీఖ్.

మే నెలలో కర్నూలు నుంచి కడపకు కారులో పోయినవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదని తెలుసు. నంద్యాల దాటి ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడప. సుమారు 200 కిలోమీటర్లు. తూర్పు పక్క నల్లమల కొండలు, రోడ్డు మీద బండల లారీలు, నెత్తిన 43, 44 డిగ్రీల గర్మీ. ఆ దారిలో ఒకే కారులో కూర్చున్న ఆరుగురికి ఒకే హవా అందదు. ముందువాళ్ళ సఫర్ వేరు, వెనకవాళ్ళ సఫర్ వేరు. మన ఖాందాన్లలో వెనక కూర్చునేది ఎవరో చెప్పక్కర్లేదు కదా.

కారు కంటే ముందు ఇంటి సంగతి చెప్పాలి. మన సీమలో పాత మట్టి మిద్దెల్లో పెరిగినవాళ్ళకు గవాచి గుర్తుంటుంది. మిద్దె కప్పులో విడిచిపెట్టిన బొక్క. వానొస్తే దాని మీద బండో కుండో మూసేవాళ్ళు, ఎండాకాలం తెరిచి పెట్టేవాళ్ళు. మా నానీమా దాన్ని రోషన్‌దాన్ అనేది. వెలుతురు కోసం పెట్టిందని పేరులోనే ఉంది గానీ, వేసవిలో దాని అసలు పని వేడిని పైకి పంపడం. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది, గవాచి గుండా బయటికి పోతుంది, ఆ జాగాలోకి దర్వాజా నుంచి కొత్త గాలి జరుగుతుంది. ఇరాన్‌లో యజ్ద్ నగరం ఇళ్ళ మీద లేచి కనిపించే బాద్‌గీర్ల హిక్మత్ కూడా ఇదే. ఫార్సీలో బాద్ అంటే గాలి, గీర్ అంటే పట్టేది. ఆ బురుజును లోపల అడ్డగోడలతో విడగొడతారు. గాలి కొట్టే వైపు నుంచి హవా దిగుతుంది, అవతలి వైపు నుంచి లోపలి వేడి ఎక్కి పోతుంది. దిగే దారీ కావాలి, పోయే దారీ కావాలి. ఒకటి మూసేస్తే రెండోది ఎంత తెరిచినా ఫాయిదా లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కారులో మళ్ళీ పనికొస్తుంది.

హవాను చల్లబరిచే ఇంతెజాం కూడా పాతదే. అక్బర్ బాదుషా కాలంలో వట్టివేళ్ళ తడికెలతో గదులు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళని అబుల్ ఫజల్ తన ఆయినె అక్బరీలో రాసి పెట్టాడు. మనం వట్టివేళ్ళు అనేదే ఉర్దూలో ఖస్. కంపెనీ జమానాలో దొరలు అదే ఖస్ తడికెను తమ బంగళాల దర్వాజాలకు కట్టించుకున్నారు. 19వ శతాబ్దంలో థర్మాంటిడోట్ అని ఒక పెద్ద పెట్టె కూడా వచ్చింది. లోపల రెక్కల చక్రం, పక్కలకు తడి ఖస్. బయట నిలబడి ఒక కూలీ చక్రం తిప్పుతుంటే తడి హవా ఇంట్లోకి పోయేది. కచ్చేరీల్లో పంకా సంగతి అందరికీ తెలిసిందే. పైనుంచి వేలాడే బట్ట, గోడ బొక్కలోంచి బయటికి పోయే తాడు, వరండాలో కూర్చుని ఆ తాడు లాగే గరీబు. లోపల దొర మొహానికి హవా, బయట లాగేవాడికి చెమట.

ఇక మన జిల్లాల్లో కారు అంటే చాలా ఏళ్ళు అంబాసిడరే. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా మీద 1950ల చివర్లో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో మొదలుపెట్టి 2014 దాకా తయారు చేశారు. దానికి జోడీగా ఫియట్, తర్వాత పద్మిని అని పేరు మార్చుకున్నది. రెండింటికీ ముందు డోర్లలో, పెద్ద అద్దానికి ముందర, ఒక చిన్న మూడు మూలల అద్దం ఉండేది. ఈ కాలం పిల్లలకు దాన్ని చూపించాలంటే పాత సినిమా పెట్టాల్సిందే. అది నిలువు ఇరుసు మీద తిరిగేది. కారు పోతున్నప్పుడు దాన్ని కొంచెం మాత్రం తెరిస్తే, వెనక అంచు దగ్గర గాలి ఒత్తిడి తగ్గి లోపలి గాలిని బయటికి లాగేది. డ్రైవర్ల బీడీ పొగ అట్లానే పోయేది. అదే అద్దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పి ఎదురుగాలికి అడ్డంగా పెడితే, చాటతో తోసినట్టు హవాను లోపలికి తోసేది. స్విచ్ లేదు, మోటారు లేదు, వేలెడంత గొళ్ళెం. గాలి ఎటు పోవాలో మనిషి చెయ్యి నిర్ణయించే తరీకా కారులో ఇదే. నాకైతే ఆ అద్దం చేసిన వాడి అఖల్‌కు ఇప్పటికీ సలాం చెయ్యాలనిపిస్తుంది. కాకపోతే ఆ గొళ్ళెం ముందు సీటు వాళ్ళ చేతికే అందేది.

వెనక సీటు మన ఖాందాన్లలో జనానా. వెనక అద్దాలకు స్ప్రింగు తీగ కట్టి బట్ట పర్దాలు వేలాడదీసేవాళ్ళు. ఒకసారి మా ఖాలా కూతురి నిఖాకు కర్నూలు నుంచి కడప పోయాం. ముందు సీట్లో డ్రైవర్ భాయ్, మా అబ్బా, మధ్యలో నేను. వెనక అమ్మీ, నానీమా, ఇద్దరు ఖాలాలు, ఒళ్ళో ఒక పసిపాప. దుమ్ము పడుతుందని వెనక అద్దాలు ఎక్కించారు, పర్దాలు లాగారు, పైన బుర్ఖాలు. మా ముందు సీట్లో హవా ఫర్వాలేదు. చాగలమర్రి దాటినాక పాప ఏడుపు ఆపలేదు. "బేటా, ఆ చిన్న అద్దం ఇటు తిప్పరా" అన్నది నానీమా. తిప్పినాము. గాలి నా మొహానికి కొట్టింది, అబ్బా టోపీ ఎగిరింది, వెనక్కి మాత్రం పోలేదు. అప్పుడు నానీమా ఏం చేసిందంటే, పర్దా వెనక చెయ్యి పెట్టి హ్యాండిల్ తిప్పి, అద్దాన్ని నాలుగు వేళ్ళ మందం కిందికి దించింది. పర్దా ఒక్కసారి బయటికి పీల్చుకున్నట్టు అద్దానికి అతుక్కుంది. ముందు నుంచి హవా మా భుజాల మీదుగా వెనక్కి పారింది. అబ్బా పై అద్దంలో చూశాడు, ఏమీ అనలేదు. మైదుకూరు వచ్చేలోపు పాప నిద్రపోయింది.

నానీమా మదరసాకు గానీ స్కూలుకు గానీ పోయిన మనిషి కాదు. మిద్దె కింద బతికిన మనిషి. గవాచి తెరవకుండా దర్వాజా తెరిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మూసిన కారు నిండా గాలి ఉంటుంది. అది బయటికి పోకపోతే కొత్త గాలికి జాగా ఎక్కడిది? వెనకవాళ్ళ తక్లీఫ్‌కు ఎండ ఒక్కటే కారణం కాదు, పర్దా బట్టా కాదు. గాలి బయటికి పోయే దారిని మేమే మూసి పెట్టుకున్నాం.

ఇదే సంగతిని కార్ఖానాలో పెట్టి కారుకు అమర్చింది ఇంగ్లండులో ఫోర్డ్ వాళ్ళు. 1964లో కార్టినా కారుకు ఏరోఫ్లో అని ఒక ఇంతెజాం తెచ్చారు. డ్యాష్‌బోర్డు రెండు చివర్లలో కంటిగుడ్డులాగా తిరిగే గుండ్రటి గాలి మూతులు, వెనక అద్దం పక్క స్తంభాల్లో గాలి బయటికి పోయే జాలీలు. అద్దాలన్నీ మూసినా హవా ముందు నుంచి వచ్చి వెనక నుంచి పోతుంది. గవాచి కారెక్కిందన్నమాట. ఈ తరీకా వచ్చాకనే ప్రపంచమంతా ఆ చిన్న మూడు మూలల అద్దం మెల్లగా మాయమైంది. మన దగ్గర అంబాసిడర్ మాత్రం తన పాత అద్దంతోనే ఇంకా చాలా ఏళ్ళు నడిచింది.

చల్లదనం కథ అమెరికాది. 1939లో ప్యాకర్డ్ కంపెనీ కారులో ఏసీ చూపించింది. దాని చల్లబరిచే భాగం వెనక డిక్కీలో ఉండేది, చల్ల హవా వెనక సీటు వీపు మీది నుంచి వచ్చేది. ఆపాలంటే ఇంజన్ ఆపి, దిగి, బెల్టు ఊడదీయాలి! అట్లాంటి పెద్ద కార్లలో వెనక సీటు చాలాసార్లు మాలిక్‌ది. అందుకని మొదటి చల్లదనం వెనక వాళ్ళ మెడకు తగిలింది. 1954లో నాష్ కంపెనీ ఈ సరంజామా అంతా ముందుకు, బానెట్ కిందికి, డ్యాష్‌బోర్డు వెనక్కి తెచ్చింది. ఆ కారు పేరు కూడా అంబాసిడరే, మన అంబాసిడర్‌తో ఏ రిష్తా లేదు. అప్పటి నుంచి చల్ల హవా పుట్టేది ముందు, వెనకవాళ్ళకు అందేది చివర్లో.

మన దగ్గర 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది, తర్వాత దాని ఏసీ మోడళ్ళూ వచ్చాయి. డ్యాష్‌బోర్డు మీద అడ్డంగా జరిపే మీటలు, నీలం గీత, ఎర్ర గీత, మనిషి బొమ్మ మీద బాణాలు. ఆ మీటల వెనక ఏముందో చాలామంది చూసి ఉండరు. కేసీ కాలువ తెలిసినవాళ్ళకు అర్థం చేసుకోవడం సులువు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు మళ్ళించి కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వింది మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ, 1882లో సర్కారు దాన్ని కొన్నది. కాలువ ఒకటే, ఏ ఊరి తూము ఎత్తితే ఆ ఊరికి నీళ్ళు. డ్యాష్‌బోర్డు వెనక పెట్టెలో కూడా అట్లాంటి తలుపులు ఉంటాయి. ఒకటి బయటి గాలి తీసుకోవాలా, లోపలి గాలినే మళ్ళీ తిప్పాలా అని నిర్ణయిస్తుంది. ఒకటి చల్లదనం, వేడి ఎంత కలపాలో చూస్తుంది. ఇంకొకటి హవాను మొహానికి పంపాలా, కాళ్ళకా, ముందు అద్దానికా అని తిప్పుతుంది. చల్ల గాలి బరువు, కిందికి దిగుతుంది, అందుకే ఏసీ వేసినప్పుడు మూతులను కొంచెం పైకి తిప్పాలి. అట్లా చేస్తే తలల మీదుగా వెనక సీటు దాకా పోతుంది. ముందు కూర్చున్న మగవాళ్ళు రెండు మూతులూ తమ ఛాతీకే గురిపెట్టుకుంటే వెనక అమ్మీలకు ఏసీ చప్పుడే మిగులుతుంది. తూము దగ్గర తగాదాలు మన జిల్లాలకు కొత్తవి కావు గానీ, ఈ తగాదాలో వెనకవాళ్ళు నోరు తెరిచేదే తక్కువ.

ఆ తర్వాత సుమోలు వచ్చాయి. సీమ పేరు చెప్పి సినిమావాళ్ళు వాటిని గాల్లోకి ఎగరేసింది చాలు, నేను ఎగరేయను. వెనకవాళ్ళ హవా విషయంలో అసలు మార్పు 2000లో టయోటా క్వాలిస్‌తో, 2005లో ఇన్నోవాతో మొదలైంది. ఇన్నోవాలో వెనక సీట్లకు కప్పులోనే వేరే మూతులు, వాటికి వేరే మీట. ఆ మీట వెనక కూర్చున్నవాళ్ళ చేతికి అందుతుంది! మన పెళ్ళిళ్ళకు, ఉర్సులకు కిరాయి మాట్లాడేటప్పుడు ఆడవాళ్ళు "ఇన్నోవానే" అని జిద్దు చేయడానికి సీటు మెత్తదనం ఒక్కటే కారణమని మగవాళ్ళు అనుకుంటే అది వాళ్ళ భోళాతనం. 2012లో సుప్రీంకోర్టు కారు అద్దాలకు నల్ల ఫిల్మ్ అతికించొద్దన్నది. స్ప్రింగు తీగ పర్దాల జమానా అంతకుముందే పలచబడింది. ఎండ ఇప్పుడు నేరుగా లోపలికి దిగుతుంది గనక వెనకవాళ్ళ హవా మీద ధ్యాస ఇంకా ఎక్కువ పెట్టాలి.

కొత్త సౌకర్యంతో కొత్త ఖతర్నాక్ సంగతి కూడా ఒకటి వచ్చింది. కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరిగే బటన్ ఉంటుంది కదా, అది నొక్కితే బయటి గాలి బంద్, లోపలిదే తిరుగుతుంది. కారు తొందరగా చల్లబడుతుంది, దుమ్ము రాదు. అందుకని చాలామంది దాన్ని ఎక్కినప్పటి నుంచి దిగే దాకా అట్లానే వదిలేస్తారు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.04 శాతం. మనం వదిలే ఊపిరిలో సుమారు 4 శాతం, అంటే వంద రెట్లు. కడప పెద్ద దర్గా ఉర్సు చూసుకుని అర్ధరాత్రి కర్నూలుకు తిరిగొస్తున్న కారు అనుకోండి. లోపల ఏడుగురు, అద్దాలు మూసి, బటన్ నొక్కి ఉంది. గంట గడిచేసరికి ఆ హవా బరువెక్కుతుంది, తల దిమ్మెక్కుతుంది, అందరూ తూగుతుంటారు. డ్రైవర్ కూడా పీల్చేది అదే హవా. అతను నిద్ర ఆపుకోవడానికి చాయ్ తాగుతాడు, పాటలు పెడతాడు. ఆ బటన్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకురాదు. ఎక్కిన కొత్తలో పది నిమిషాలు, లారీ దుమ్ములో ఉన్నంతసేపు దాన్ని వాడుకుని, మిగతా సఫర్‌లో బయటి గాలికి తెరిచిపెట్టాలి. ఏసీ అప్పుడూ పనిచేస్తుంది.

ఇప్పటి కార్లలో గాలి బయటికి పోయే దారి చాలావాటికి వెనక బంపర్ చాటున ఉంటుంది, రబ్బరు రెక్కలతో. బయటి నుంచి కనబడదు.

మొన్న రంజాన్ తర్వాత కడప నుంచి వస్తుంటే చాగలమర్రి ముందు ఒక బండల లారీ వెనక చిక్కుకున్నాం. కారు నడుపుతున్నది నేను. "అబ్బా, లోపలి హవా పెట్టు" అన్నది వెనక సీట్లోంచి మా బిటియా. నొక్కాను. లారీని దాటి ఆళ్ళగడ్డ వైపు కొంచెం దూరం వచ్చామో లేదో, "ఇంక తెరువు, నానీమాకు నిద్రొస్తోంది" అన్నది. ఆమె నానీమా, అంటే మా అత్తమ్మ, నిజంగానే కళ్ళు మూసుకుంటోంది. తెరిచాను.