బడి ప్రవాసానికి బాడుగ బస్సు: బాధ్యత ఎవరిది?

దసరా సెలవులు ముగిసినప్పటి నుంచి సంక్రాంతి లోపల మన జిల్లాలో దాదాపు ప్రతి బడీ పిల్లలను ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోతుంది. చిన్న తరగతులకు నంది కొండ, ముద్దేనహళ్ళిలో విశ్వేశ్వరయ్యగారి మ్యూజియం, విదురాశ్వత్థం, కైవారం. పెద్ద తరగతులకు మైసూరు, బేలూరు, హళేబీడు. బాగేపల్లి వైపు బడులకు లేపాక్షి దగ్గర. 'శైక్షణిక ప్రవాస' అని కన్నడలో అచ్చు వేసిన కాగితం ఇంటికి వస్తుంది. ఎంత డబ్బు కట్టాలి, ఎన్ని గంటలకు రావాలి, ఏమేమి తెచ్చుకోవాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. అడుగున ఒక వాక్యం ఉంటుంది: మా ఇష్టంతోనే పంపుతున్నాము, దారిలో ఏమి జరిగినా బడికి బాధ్యత లేదు. దాని కింద సంతకం. తల్లిదండ్రులు పనికి పోయి ఉంటే అవ్వో తాతో పెట్టేస్తారు. కన్నడ చదవడం రాని పెద్దలైతే పిల్లవాడే చదివి వినిపిస్తాడు, తనకు కావలసినంత మేరకు.

ఆ వాక్యానికి చట్టంలో విలువ ఎంత, బాడుగ బస్సులో ప్రమాదం జరిగితే బడి ఎంతవరకు జవాబు చెప్పాలి, డబ్బు కట్టే ముందు మనం ఏమి అడగాలి అన్నవి ఇక్కడ వివరిస్తున్నాము.

పసుపు బస్సు దిగితే నియమాలూ దిగిపోతాయి

రోజూ పిల్లలను బడికి చేర్చే పసుపు బస్సు చుట్టూ నియమాలు గట్టిగానే ఉన్నాయి. 1997 నవంబరులో ఢిల్లీలో వజీరాబాద్ వంతెన మీద నుంచి బడి బస్సు యమునలో పడి పాతిక మందికి పైగా పిల్లలు చనిపోయారు. మరుసటి నెలలోనే ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు బడి బస్సులకు షరతులు పెట్టింది. ఈరోజు మనం చూసే కిటికీ కమ్మీలు, తలుపు గొళ్ళెం, ప్రథమ చికిత్స పెట్టె, బస్సు మీద బడి పేరు, ఫోను నంబరు, వెంట ఉండే ఆయా అన్నీ ఆ వరుసలో వచ్చినవే. బాడుగకు తీసుకున్న బస్సయితే 'ఆన్ స్కూల్ డ్యూటీ' అని రాసి ఉండాలన్నదీ అందులోదే. కర్ణాటక ప్రభుత్వం 2012లో బడి పిల్లలను తీసుకుపోయే వాహనాలకు ప్రత్యేకంగా నియమాలు చేసింది. 2015లో కేంద్రం వేగ నియంత్రణ యంత్రాల నియమం మార్చినప్పుడు బడి బస్సులకు గంటకు 60 కిలోమీటర్లు, తక్కిన బాడుగ బస్సులకు 80 కిలోమీటర్లు హద్దు పెట్టింది.

ప్రవాసం రోజు పిల్లలు ఎక్కేది చాలాసార్లు ఈ పసుపు బస్సు కాదు, టూరిస్టు బస్సు. కమ్మీలు ఉండవు, ఆయా ఉండదు, డ్రైవరు ముఖం ఎవరికీ తెలియదు, వేగం హద్దు ఇరవై కిలోమీటర్లు ఎక్కువ. రోజూ నాలుగు కిలోమీటర్లు పోవడానికి ఇన్ని జాగ్రత్తలు పెట్టుకొని, నాలుగు వందల కిలోమీటర్లు పోయే రోజున వాటిని ఇంట్లో వదిలి వెళ్తున్నామన్న మాట. బస్సు ఎంచుకునేది, డ్రైవరు ఒకడా ఇద్దరా అన్నది మాట్లాడుకునేది, తిరుగు ప్రయాణం ఎప్పుడో నిర్ణయించేది బడే. అందుకే 'బస్సు మాది కాదు' అన్న మాట నిలవదు.

వడక్కంచేరి

2022 అక్టోబరు 5 రాత్రి కేరళలో జరిగినది ఈ విషయంలో తెలుసుకోవలసిన ఉదంతం. ఎర్నాకుళం జిల్లా ముళంతురుత్తిలోని బసేలియోస్ విద్యానికేతన్ పిల్లలు టూరిస్టు బస్సులో ఊటీకి బయలుదేరారు. పాలక్కాడు జిల్లా వడక్కంచేరి దగ్గర ఆ బస్సు ముందు పోతున్న కేరళ సర్కారు బస్సును వెనక నుంచి ఢీకొంది. అయిదుగురు విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు, సర్కారు బస్సులోని ముగ్గురు, మొత్తం 9 మంది చనిపోయారు. ప్రమాద సమయంలో వేగం గంటకు 97.7 కిలోమీటర్లు. వేగం ఆపవలసిన యంత్రాన్ని ముందే మార్చేశారు. ఆ బస్సు మీద అప్పటికే కేసులున్నాయి, రవాణా శాఖ దాన్ని నల్ల జాబితాలో పెట్టి ఉంది. డ్రైవరు అప్పుడే వేళాంగణ్ణి ప్రయాణం ముగించుకొని వచ్చాడని, అలసిపోయి కనిపించాడని తల్లిదండ్రులు చెప్పారు. బడి ప్రవాసాల్లో రాత్రి ప్రయాణం వద్దన్న ఆదేశం అక్కడ అప్పటికే ఉంది.

ఇందులో విధి అనుకోవలసినది ఏదీ మాకు కనిపించదు. నంబరు ప్లేటు చూసి ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టినా, డ్రైవరును నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావని అడిగినా ఆ బస్సు కదలకుండా ఆగిపోయేది.

కోర్టులు ఏమన్నాయి

బడి బాధ్యతను తేల్చిన పెద్ద తీర్పు బస్సు గురించి కాదు, నది గురించి. అయినా సూత్రం ఒకటే కనుక చెబుతున్నాము. 1995 మే 28న పఠాన్‌కోట్ దగ్గరి డల్హౌసీ పబ్లిక్ స్కూలు పిల్లలను బియాస్ నది ఒడ్డుకు పిక్నిక్‌కు తీసుకుపోయారు. 14 మంది మునిగి చనిపోయారు. 2001లో సుప్రీంకోర్టు ఎం.ఎస్. గ్రేవాల్, దీప్‌చంద్ సూద్ కేసులో ఒక్కొక్క బిడ్డకు 5 లక్షల రూపాయల పరిహారాన్ని ఖాయం చేసింది. పిల్లలను వెంట తీసుకుపోయిన ఉపాధ్యాయుల మీద జాగ్రత్త వహించే విధి ఉంటుందని, వారి నిర్లక్ష్యానికి బడి యాజమాన్యం జవాబుదారీ అని తేల్చింది.

అదే బియాస్ నదిలో 2014 జూన్ 8న హైదరాబాదు వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు 24 మంది, వారి టూరు నిర్వాహకుడు ఒకరు లార్జి ఆనకట్ట నీటిలో కొట్టుకుపోయారు. నీరు వదిలింది విద్యుత్ బోర్డు. అయినా 2016లో హిమాచల్ హైకోర్టు ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల పరిహారం నిర్ణయించినప్పుడు బోర్డు వంతు 60 శాతం, కళాశాల వంతు 30 శాతం, రాష్ట్ర ప్రభుత్వం వంతు 10 శాతం అంది. తప్పు ప్రధానంగా మరొకరిదే అయినా, తీసుకుపోయిన సంస్థకు తన వంతు తప్పలేదు. రేపు బడి బస్సును లారీ గుద్దినా ఇదే లెక్క వర్తించవచ్చు: లారీ తప్పు లారీది, పొగమంచులో తెల్లవారుజామునే పిల్లలను బయలుదేరదీసిన తప్పు బడిది.

మన పక్కనే జరిగినది ఇంకా ఎవరూ మరిచిపోలేదు. 2024 డిసెంబరులో ముళబాగిలు తాలూకా కొత్తూరు మొరార్జీ దేశాయి వసతి పాఠశాల నుంచి ప్రవాసం పోయిన పిల్లల్లో నలుగురు ఆడపిల్లలు మురుడేశ్వర సముద్రంలో మునిగిపోయారు. ఆరుగురు ఉపాధ్యాయులను పోలీసులు అరెస్టు చేశారు, ప్రిన్సిపాల్‌ను సస్పెండు చేశారు.

ఇక ఆ సంతకం సంగతి. పిల్లవాడిని పంపడానికి మనం ఒప్పుకున్నామని అది చూపుతుంది, అంతే. నిర్లక్ష్యాన్ని అది మాఫీ చేయదు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద కేసు పెట్టేది ప్రభుత్వం. తల్లి రాసిచ్చిన కాగితం చూసి ఆ కేసు ఆగదు. 2021 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన పాఠశాల భద్రతా మార్గదర్శకాలు కూడా ప్రైవేటు బడిలో యాజమాన్యాన్ని, ప్రిన్సిపాల్‌ను, సర్కారు బడిలో హెడ్‌మాస్టరును, ఉపాధ్యాయులను, విద్యాశాఖను జవాబుదారీ చేశాయి. కాబట్టి సంతకం పెట్టడానికి భయపడనక్కరలేదు. పెట్టాము గనుక ఇక నోరెత్తకూడదని అనుకోనూ అక్కరలేదు.

రాత్రి, మంచు, ఆగి ఉన్న లారీ

మా దృష్టిలో ప్రవాసాల్లో పెద్ద ముప్పు వేళ. మైసూరు ప్రవాసాన్నే తీసుకోండి. చింతామణి నుంచి పోను రాను సుమారు 450 కిలోమీటర్లు. చీకటితో బయలుదేరి జూ, అరమనె, శ్రీరంగపట్నం చూపించి, సాయంత్రం కె.ఆర్.ఎస్. బృందావనానికి చేరుస్తారు. అక్కడ దీపాల ఫౌంటెన్ చీకటి పడితేనే వేస్తారు. అది చూసి, పిల్లలను లెక్క పెట్టుకొని, భోజనాలు పెట్టి కదిలేసరికి రాత్రి తొమ్మిది. చింతామణి చేరేసరికి రెండు దాటుతుంది. ముందురోజు తెల్లవారకముందు స్టీరింగు పట్టిన మనిషే అప్పుడూ నడుపుతుంటాడు. చట్టం ప్రకారం డ్రైవరు పని రోజుకు 8 గంటలు. ఒక్క రోజులో మైసూరు చూసి రావాలంటే ఇద్దరు డ్రైవర్లయినా కావాలి, రాత్రి బసయినా కావాలి. రెండూ కుదరకపోతే ఫౌంటెన్ మానుకోవాలి. పిల్లలు అలుగుతారు, అలగనివ్వండి.

తెల్లవారుజాము సంగతి మన జాతీయ రహదారి 44 మీద పోయేవారికి చెప్పనక్కరలేదు. 2023 అక్టోబరు 26న బాగేపల్లి వైపు నుంచి బెంగళూరుకు పోతున్న టాటా సుమో చిత్రావతి దగ్గర ఆగి ఉన్న ట్యాంకరును మంచులో గుద్దుకొని 13 మంది చనిపోయారు. ప్రవాసాల కాలమూ మంచు కాలమూ ఒకటే. ఎండ వచ్చాక బయలుదేరితే ఒక గంట పోతుంది, అంతకంటే పోయేది లేదు.

ఇదే రహదారి మీద 2013 అక్టోబరు 30న బెంగళూరు నుంచి హైదరాబాదు పోతున్న వోల్వో బస్సు పాలెం దగ్గర మంటల్లో కాలి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర హైదరాబాదు నుంచి బెంగళూరు వస్తున్న మరో ప్రైవేటు బస్సు అలాగే కాలిపోయింది. ఈ రెండు ఉదంతాల తర్వాతైనా, బస్సు ఎక్కించగానే అత్యవసర ద్వారం ఎక్కడుంది, ఎలా తెరవాలి, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుంది అన్నది పిల్లలకు చూపించడం అలవాటు కావాలి. అయిదు నిమిషాల పని. ఆ ద్వారానికి అడ్డంగా వంట సామాను, సంచులు పెట్టనీయకూడదు.

బోర్డు, పర్మిట్, సీట్లు

చిన్న బడులు పది పన్నెండు మంది పిల్లలను తెలిసినవారి తెల్ల బోర్డు బండిలో తీసుకుపోవడం ఉంది. బాడుగకు తిప్పే హక్కు తెల్ల బోర్డుకు లేదు, బీమా కంపెనీ మొదట పట్టుకునేది అదే. లేపాక్షికి పోవాలంటే కొడికొండ దగ్గర రాష్ట్రం మారుతుంది. మోటారు వాహనాల చట్టం 88వ సెక్షను ప్రకారం ఒక రాష్ట్రం పర్మిట్ మరో రాష్ట్రంలో దానంతట అది చెల్లదు. బస్సుకు ఆలిండియా టూరిస్టు పర్మిట్ అయినా, ఆ ప్రయాణానికి వేరే పర్మిట్ అయినా ఉండాలి. బడి సొంత పసుపు బస్సుకూ ఇదే మాట. పర్మిట్ లేని బండికి ప్రమాదం జరిగితే, బీమా కంపెనీ బాధితులకు చెల్లించి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో అమృత్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది.

సీట్ల లెక్క ఇంకా ముఖ్యం. ఖర్చు తగ్గుతుందని ఇద్దరి సీటులో ముగ్గురిని కూర్చోబెట్టడం మనకు మామూలు. దానికి 194ఎ సెక్షను కింద జరిమానా మనిషికి 200 రూపాయలే. అసలు నష్టం వేరే ఉంది. 42 మందికి బీమా ఉన్న బస్సులో 90 మంది ఎక్కిన అంజనా శ్యామ్ కేసులో, బీమా కంపెనీ 42 మంది వరకే బాధ్యురాలని 2007లో సుప్రీంకోర్టు అంది. ఆ డబ్బునే అందరికీ పంచి, మిగతాది యజమాని దగ్గర రాబట్టుకోవాలి. అంటే ఎక్కువగా ఎక్కించిన పిల్లవాడి ఇంటికే కాదు, సీటు ఉన్న పిల్లవాడి ఇంటికీ వాటా తగ్గుతుంది.

అడగవలసింది ఎవరిని

డబ్బు కట్టే ముందే బస్సు నంబరు అడగండి. ఆ నంబరుతో ఎఫ్.సి., బీమా యాప్‌లో కనిపిస్తాయి. ఎనిమిదేళ్ళు దాటిన బస్సుకు ఎఫ్.సి. ఏటా కావాలి. డ్రైవర్లు ఎంతమంది, తిరిగి చేరే వేళ ఏది, విద్యాశాఖ అనుమతి వచ్చిందా అని అడగండి. ఒక్కరు అడిగితే పంచాయతీ అనుకుంటారు. సర్కారు బడిలో ఎస్‌డీఎంసీ సభ్యులు తల్లిదండ్రులే కనుక ఆ సమావేశంలో అడిగితే మాట నిలుస్తుంది, ప్రైవేటు బడిలో నలుగురు కలిసి రాసి ఇవ్వండి. కె.ఎస్.ఆర్.టి.సి. బస్సులు కూడా క్యాజువల్ కాంట్రాక్టు మీద దొరుకుతాయి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి మూడు చోట్లా డిపోలున్నాయి. ప్రైవేటు బస్సుతో ధర పోల్చి చెప్పమని బడిని అడగవచ్చు. సరైన జవాబు రాకపోతే బీఈఓ కార్యాలయానికి రాయండి. బస్సు గురించి అనుమానం ఉంటే ఆర్టీఓకు రాయండి.

జరగరానిది జరిగితే జాతీయ రహదారి మీద 1033, ఎక్కడైనా 112. 2025 మే నుంచి అమలులో ఉన్న కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స ఉంది. పరిహారం దావా ప్రమాదం జరిగిన ఊళ్ళోనే వేయాలన్న నియమం లేదు. మైసూరు దగ్గర జరిగినా, ఆంధ్రలో జరిగినా, మనం కాపురముండే జిల్లాలోని ట్రిబ్యునల్‌లో వేయవచ్చు. గడువు ఆరు నెలలు. ఎవరిది తప్పో రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడిగే 164వ సెక్షను దారి ఒకటి, తప్పు నిరూపించి పూర్తి పరిహారం అడిగే 166వ సెక్షను దారి ఒకటి. ఏది మేలో వకీలుతో మాట్లాడి తేల్చుకోవాలి. రెండింటికీ ప్రవాసానికి కట్టిన డబ్బు రసీదు, బడి పంపిన కాగితం నకలు, తరగతి వాట్సాప్ గుంపులో వచ్చిన సందేశాలు దాచి పెట్టండి. ఆ రోజు బిడ్డ బడి చేతిలో ఉన్నాడని చూపేవి అవే.