సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్

సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్ అనునది చరణ్‌జిత్ సింగ్ 1982లో బొంబాయి (నేటి ముంబై)లో రికార్డు చేసిన వాద్య సంగీత ఆల్బం. ఇందులో పది హిందుస్తానీ రాగాలను ఎలక్ట్రానిక్ వాద్యాలపై డిస్కో లయతో వినిపించాడు. గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా దీనిని ఎల్పీ రికార్డుగా వెలువరించింది. ఆనాడు పెద్దగా ఆదరణకు నోచుకోని ఈ ఆల్బం 2010లో పునర్విడుదలయ్యాక ఎలక్ట్రానిక్ నృత్య సంగీత చరిత్రలో చర్చనీయాంశమైంది.

నేపథ్యం

చరణ్‌జిత్ సింగ్ హిందీ సినిమా వాద్యబృందాలలో గిటారు, కీబోర్డు వాయించేవాడు. హరే రామ హరే కృష్ణ (1971) చిత్రంలోని దమ్ మారో దమ్ పాటలో వినిపించే ట్రాన్సికార్డ్ వాద్యం ఇతనిదే. 1980ల ఆరంభంలో హిందీ చిత్రసీమలో డిస్కో పాటల జోరు ఎక్కువగా ఉండేది. ఆ లయను సినిమా బాణీలకు కాక రాగాలకు జోడించాలన్న ఆలోచన నుండి ఈ ఆల్బం పుట్టింది.

వాద్యాలు

ఆల్బంలో ప్రధానంగా జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ పరికరాలు మూడు వినిపిస్తాయి.

* జూపిటర్-8: ఒకేసారి ఎనిమిది స్వరాలు పలికించగల సింథసైజర్. రాగ సంచారం దీనిపై సాగుతుంది.
* టీఆర్-808: 1980లో వచ్చిన డ్రమ్ యంత్రం. తబలా స్థానాన్ని ఇది తీసుకుంది.
* టీబీ-303: మంద్ర స్వరాల వరుసను ముందే అమర్చుకుంటే దానిని పదేపదే వినిపించే యంత్రం. ఒంటరిగా సాధన చేసే గిటారు వాద్యకారులకు తోడుగా దీనిని రూపొందించారు. ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారే సదుపాయం ఇందులో ఉంది. ఇది హిందుస్తానీ మీండ్‌ను, కర్ణాటక సంగీతంలోని జారును గుర్తు చేస్తుంది.

రాగాలు

ప్రతి రాగాన్ని సుమారు 5 నిమిషాల పాటు వాయించాడు. ఆల్బంలోని వరుస ఇది: భైరవ్, లలిత్, భూపాలి, తోడి, మధువంతి, మేఘ్ మల్హార్, యమన్, కళావతి, మాల్కౌంస్, బైరాగి.

వీటిలో కొన్ని కర్ణాటక సంగీతం తెలిసిన తెలుగు శ్రోతలకు సుపరిచితమైన స్వరాలే. భూపాలి మోహనకు, యమన్ కల్యాణికి, మాల్కౌంస్ హిందోళానికి, బైరాగి రేవతికి, కళావతి వలజికి సమీపంగా ఉంటాయి. భైరవ్ స్వరాలు మాయామాళవగౌళ స్వరాలే. పేర్లు కలిసినంత మాత్రాన రాగాలు ఒకటి కావు: హిందుస్తానీ తోడి కర్ణాటక తోడికి భిన్నమైనది.

పునర్విడుదల

డచ్ సేకర్త ఎడో బౌమన్‌కు 2002లో ఢిల్లీలో ఈ రికార్డు లభించింది. అతని బాంబే కనెక్షన్ సంస్థ 2010లో దీనిని తిరిగి విడుదల చేసింది. 1982 నాటి రికార్డులో ఇటువంటి నాదం ఉండడం నమ్మశక్యంగా లేక, ఇది ఎవరో ఆధునిక కళాకారుడు సృష్టించిన బూటకమని కొందరు శ్రోతలు అనుమానించారు. అసలు ఎల్పీ ప్రతులు ఉండడంతో ఆ అనుమానం నిలవలేదు. తరువాతి సంవత్సరాలలో చరణ్‌జిత్ సింగ్ ఐరోపా వేదికలపై ఈ సంగీతాన్ని ప్రదర్శించాడు. ఇతను 2015లో ముంబైలో మరణించాడు.

యాసిడ్ హౌస్‌తో సంబంధం

అమెరికాలోని చికాగో నగరానికి చెందిన ఫ్యూచర్ బృందం 1987లో విడుదల చేసిన యాసిడ్ ట్రాక్స్‌తో యాసిడ్ హౌస్ శైలి ప్రసిద్ధమైంది. ఆ శైలికి ప్రాణం టీబీ-303 నాదమే. ఐదేళ్ళ ముందే అదే యంత్రాన్ని నృత్య లయతో జోడించినందున చరణ్‌జిత్ సింగ్‌ను యాసిడ్ హౌస్ ఆవిష్కర్తగా కొందరు పేర్కొంటారు.

అయితే ముందు రావడం వేరు, మూలం కావడం వేరు. చికాగో కళాకారులు ఈ ఆల్బంను విన్నారనడానికి ఆధారాలు లేవు. పైగా ఇద్దరి పద్ధతులూ భిన్నమైనవి. ఫ్యూచర్ బృందం యంత్రం మీటలను తిప్పుతూ నాదం రంగును మార్చడమే సంగీతంగా మలచింది. చరణ్‌జిత్ సింగ్ మాత్రం రాగ స్వరూపాన్ని నిలుపుతూ యంత్రాన్ని దానికి తోడు చేశాడు. ఒకే పరికరం రెండు ఖండాలలో, పరస్పర పరిచయం లేని సంగీతకారుల చేతుల్లో దగ్గరి పోలికలున్న ఫలితాన్ని ఇచ్చిందనడం సమంజసం. ఈ ఆల్బం విలువను చికాగో సంగీతంతో పోల్చి మాత్రమే కాక, రాగాన్ని యంత్రాలపై పలికించిన తొలినాటి ప్రయోగాలలో ఒకటిగా కూడా గుర్తించవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* హిందుస్తానీ సంగీతం
* సింథసైజర్
* డిస్కో