ఓడెక్కే ముందు పల్నాటి మిరప

కోసిన పండు మిరపలో నీరు నూటికి డెబ్బై పాళ్ల వరకు ఉంటుంది గనుక, దాన్ని పది పదకొండు పాళ్లకు దించి, రంగు పోకుండా, బూజు పట్టకుండా నిలపడమే పల్నాటి మిరప ఎగుమతిలో మొదటినుంచీ అసలైన పని. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక, కుడి కాలువ కింద పత్తితో పాటు మిరపసాగు స్థిరపడింది. అయితే పల్నాడులో పండిన కాయ కూడా అమ్ముడయ్యే ఊరి పేరుతో గుంటూరు సన్నంగానే లోకానికి తెలిసింది.

కల్లం, అంటే పంట ఆరబెట్టే చదును నేల, ఈ చరిత్రకు కేంద్రం. పండు కాయను రెండు మూడు రోజులు కుప్పపోసి, రంగు సమంగా తిరిగాక పలుచగా పరిచి, రాత్రి మంచుకు పట్టాలు కప్పి ఎండబెడతారు. తెల్లబారిన తాలుకాయలను కూలీలు ఏరివేస్తారు. ఇంత శ్రమ పడ్డాక, టిక్కీలో, అంటే బస్తాలో, తొక్కేటప్పుడు కాయ విరగకూడదని నీళ్లు చల్లే అలవాటు మాత్రం ఆ శ్రమనంతా నీళ్లపాలు చేసేదే.

ఆ తడి బూజును పిలుస్తుంది. 1960లో ఇంగ్లండులో వేరుశనగ పిండి తిన్న టర్కీ కోళ్లు లక్షకు పైగా చనిపోగా, బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం బయటపడింది. వంటవేడికి ఇది పూర్తిగా నశించదు. ఐరోపా సమాఖ్య మిరపలో దీన్ని మొత్తంగా కిలోకు 10 మైక్రోగ్రాములకు పరిమితం చేసింది. వెలసిన కారానికి ఎరుపు తెచ్చే సుడాన్ రంగు 2003లో ఐరోపాలో పట్టుబడ్డాక, సుగంధ ద్రవ్యాల బోర్డు ఎగుమతికి ముందు పరీక్షను తప్పనిసరి చేసింది.

ఓడలో మరో చిక్కు ఉంది. పగటి వేడికి సరుకులోంచి లేచిన ఆవిరి, రాత్రి చల్లబడిన కంటైనర్ కప్పుకు తగిలి చుక్కలుగా బస్తాల మీద పడుతుంది. అందుకే గోడలకు మందపాటి కాగితం అంటించి, తేమ పీల్చే సంచులు వేలాడదీస్తారు. గుంటూరు చుట్టుపక్కల శీతల గిడ్డంగులు రంగును కాపాడతాయి, బూజును అదుపులో ఉంచుతాయి. కల్లంలోనో బస్తాలోనో ఒకసారి పుట్టిన అఫ్లాటాక్సిన్‌ను మాత్రం ఆ చలువా తీయలేదు, ఈ సంచులూ తీయలేవు.